రిపోర్టులు నార్మల్, నొప్పి నిజం: ఐబీఎస్ ఉన్నవాళ్ళు కడుపునూ మనసునూ కలిపి చూసుకోవడం ఎలా

రక్తపరీక్ష నార్మల్, మలపరీక్ష నార్మల్, స్కానింగ్ కూడా నార్మల్. అయినా పొద్దున్నే కడుపు మెలిపెట్టడం ఆగలేదు. కొందరికి బస్సెక్కే ముందు రెండు మూడుసార్లు దొడ్డికి పరుగెత్తాల్సి వస్తుంది, ఇంకొందరికి నాలుగు రోజులైనా కదలక పొట్ట ఉబ్బిపోతుంది. డాక్టరు ఐబీఎస్ (ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్, అంటే పరీక్షల్లో ఏమీ కనబడకుండానే కడుపునొప్పి, విరేచనాలు లేదా మలబద్ధం వచ్చే పేగు బాధ) అని రాసి, టెన్షన్ తగ్గించుకోమన్నారు. ఆ మాట విని ఇంట్లోవాళ్ళు "ఏమీ లేదట, అంతా మనసులోనే ఉందట" అని తేల్చేశారు. మీ పరిస్థితి ఇదే అయితే ఈ వ్యాసం మీకోసమే.

నేను పర్లాకిమిడిలో ఒక చిన్న ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని. ఇటు గజపతి జిల్లా ఊళ్ళ నుంచి, అటు పాతపట్నం, మెళియాపుట్టి వైపు నుంచి కూడా మా దగ్గరికి శాంపిల్స్ ఇవ్వడానికి వస్తారు. తెలుగులో అడిగినా ఒడియాలో అడిగినా ప్రశ్న ఒకటే: "అన్నీ బాగుంటే మరి ఈ నొప్పి ఎక్కడిది?" నాకూ ఐబీఎస్ ఉంది. ఒక ఏడాది రథయాత్ర రోజుల్లో విరేచనాలు పట్టుకుని, అవి తగ్గాక మొదలైంది. అందుకే ఆ ప్రశ్నకు జవాబు కోసం చాలా చదివాను. చదివినదీ, దాంతో ఇంట్లో ఏం చేసుకోవచ్చన్నదీ చెబుతాను.

ముందు పరీక్షల సంగతి

తోచక పెట్టే పేరు కాదు ఐబీఎస్. ఇలాంటి బాధల్ని గుర్తించడానికి నిపుణులు పెట్టుకున్న, 2016లో వచ్చిన రోమ్ 4 ప్రమాణాల ప్రకారం గత మూడు నెలల్లో సగటున వారానికి ఒకరోజైనా కడుపునొప్పి ఉండాలి. దొడ్డికి వెళ్ళినప్పుడు ఆ నొప్పి తగ్గడమో పెరగడమో, వెళ్ళే సార్లు మారడం, మలం గట్టిగానో పలచగానో మారడం, ఈ మూడింటిలో కనీసం రెండు దానితో ముడిపడి ఉండాలి. బాధ మొదలై ఆరు నెలలు దాటి ఉండాలి. నొప్పి లేకుండా ఉత్త గ్యాస్ ఉంటే అది ఈ లెక్కలోకి రాదు.

మలంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, జ్వరం, రాత్రి నిద్రలోంచి లేపే విరేచనాలు, రక్తహీనత, యాభై దాటాక కొత్తగా మొదలైన బాధ, రక్తసంబంధీకుల్లో పెద్దపేగు క్యాన్సర్. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఇంటి ఉపాయాలు పక్కనపెట్టి డాక్టరు దగ్గరికి వెళ్ళండి. మన వైపు పేగుల టీబీ, అమీబా, జియార్డియా అనే పేగు క్రిములు కూడా ఉంటాయి. వాటిని తోసిపుచ్చకుండా ఐబీఎస్ అనేసుకోకూడదు. ఊళ్ళో తేలకపోతే బరంపురం ఎంకేసీజీకో శ్రీకాకుళం ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆసుపత్రికో వెళ్ళొచ్చు.

మామూలుగా డాక్టర్లు రాసేవి సీబీసీ (రక్తకణాల లెక్క), సీఆర్‌పీ (ఇన్‌ఫ్లమేషన్, అంటే ఒంట్లో వాపు ఉందేమో చూసే రక్తపరీక్ష), మలపరీక్ష, అవసరాన్నిబట్టి థైరాయిడ్, గోధుమ పడని సీలియాక్ జబ్బు కోసం టీటీజీ, పేగులో పుండ్లు పడే జబ్బుల్ని విడదీయడానికి కాల్‌ప్రొటెక్టిన్. చివరిది మా దగ్గర చెయ్యం, శాంపిల్ విశాఖ పంపిస్తాం. కొలొనోస్కోపీ అందరికీ అక్కర్లేదు. ఇంకొకటి, ల్యాబ్‌లో ఉండి చెబుతున్నాను: "మీకు పడని తిండి జాబితా ఇస్తాం" అనే ఐజీజీ (రక్తంలోని ఒక రకం యాంటీబాడీ) ప్యాకేజీలకు డబ్బు పెట్టకండి. ఒక పదార్థానికి ఐజీజీ కనిపించిందంటే మీరు దాన్ని తింటూ ఉన్నారని అర్థం. అది పడదని కాదు. ఆ జాబితా పట్టుకుని అన్నీ మానేసి చిక్కిపోయినవాళ్ళను చూశాను.

నార్మల్ రిపోర్టులో కనిపించనిది

సీఆర్‌పీ కాలేయంలో తయారై రక్తమంతా తిరిగే ప్రోటీన్. ఒంట్లో పెద్ద ఇన్‌ఫెక్షనో ఇన్‌ఫ్లమేషనో ఉంటే పెరుగుతుంది. కాల్‌ప్రొటెక్టిన్ న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాల నుంచి వస్తుంది. అవి గుంపుగా పేగులోకి చేరితేనే మలంలో ఎక్కువగా కనబడుతుంది. ఐబీఎస్‌లో కదిలే కణాలు వేరు. అవి పేగు లోపలి పొరలో, నరాల కొసల పక్కన, చాలా కొద్ది చోటులో పనిచేస్తాయి. ఈ రెండు పరీక్షలూ వాటిని చూడటానికి పుట్టినవి కావు. కెమెరాతో చూసినా పేగు శుభ్రంగానే ఉంటుంది.

వాటిలో ముఖ్యమైనవి మాస్ట్ కణాలు అనే ఇమ్యూన్ (రోగనిరోధక) కణాలు. దద్దుర్లు వచ్చినప్పుడు చర్మంలో దురద పుట్టించేది వీటి నుంచి వచ్చే హిస్టమినే. 2004లో ఇటలీలోని బొలోన్యా పరిశోధకులు ఐబీఎస్ ఉన్నవాళ్ళ పెద్దపేగు నుంచి చిన్న ముక్కలు తీసి చూశారు. మాస్ట్ కణాలు ఎక్కువగా ఉన్నాయి, చురుగ్గా ఉన్నాయి, నరాలకు ఎంత దగ్గరగా ఉంటే నొప్పి అంత తీవ్రంగానూ అంత తరచుగానూ ఉంది. 2016లో బెల్జియంలోని లూవెన్ బృందం ఇంకో అడుగు వేసింది. మిరపకారం తగిలితే మండేలా చేసే ఒక గ్రాహకం పేగు నరాల మీద ఉంటుంది, హిస్టమిన్ దాన్ని మరింత సున్నితం చేస్తుందని చూపించింది. అంటే పేగులో అదే గాలి, అదే కదలిక, పక్కింటి మనిషికి తెలియనే తెలియదు, మీకు మాత్రం నొప్పిగా అందుతుంది. మీరు పెద్దది చేసి చెప్పడం లేదు. మీ నరం నిజంగానే పెద్దగా పంపిస్తోంది.

ఇది ఎందుకు మొదలవుతుందన్నదానికి ఒక్క దారి లేదు గానీ బాగా తెలిసిన దారి ఇన్‌ఫెక్షన్. 2000 మే నెలలో కెనడాలోని వాకర్టన్ అనే చిన్న ఊళ్ళో తాగునీరు కలుషితమై రెండువేల మందికి పైగా జబ్బుపడ్డారు, ఏడుగురు చనిపోయారు. రెండు మూడేళ్ళ తర్వాత చూస్తే, అప్పుడు విరేచనాలు పట్టుకున్నట్టు వైద్యపరంగా గుర్తించినవాళ్ళలో 36 శాతం మందికి ఐబీఎస్ ఉంది. పట్టుకోనివాళ్ళలో 10 శాతం. అందులో ముందునుంచీ దిగులు, ఆందోళన ఉన్నవాళ్ళకు ప్రమాదం ఇంకా ఎక్కువ. క్రిమి పోయింది, పేగు మానింది, కాపలా మాత్రం దిగలేదు. దొంగను ఒకసారి చూసిన వీధికుక్క తర్వాత పాలవాడిని చూసినా మొరిగినట్టు, ఇమ్యూన్ కణాలు మామూలు తిండిని చూసి కూడా కదులుతాయి. ఇది ఊహ కాదు. 2021లో అదే లూవెన్ బృందం ఐబీఎస్ ఉన్న 12 మంది పేగు గోడలోకి గోధుమ, సోయా, పాలు వంటివాటి సారం కొద్దికొద్దిగా ఎక్కించింది. పన్నెండు మందికీ కనీసం ఒకదానికి అక్కడికక్కడ ప్రతిస్పందన వచ్చింది. ఆరోగ్యంగా ఉన్న ఎనిమిది మందిలో ఇద్దరికే వచ్చింది. రక్తంలో అలర్జీ పరీక్షలు చేస్తే మాత్రం ఏమీ దొరకలేదు.

మరి మనసు ఎక్కడ చేరింది? భయపడ్డప్పుడు మెదడు సీఆర్‌హెచ్ అనే హార్మోను వదులుతుంది. దాన్ని అందుకునే ఏర్పాటు మాస్ట్ కణాలకు ఉంది. 2014లో లూవెన్‌లోనే విద్యార్థుల్ని జనం ముందు మాట్లాడమన్నారు. బాగా బెదిరి, కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోను పెరిగినవాళ్ళలో కొన్ని గంటల్లోనే చిన్నపేగు గోడ బిగువు తగ్గి, మామూలుకంటే ఎక్కువ లోపలికి దాటనిచ్చింది. మాస్ట్ కణాల్ని అణిచే మందు ముందే ఇస్తే ఆ మార్పు రాలేదు. టెన్షన్ నుంచి పేగు దాకా మధ్యలో ఇమ్యూన్ కణం ఉందని దీనివల్ల తెలుస్తోంది.

దారి అటు నుంచి ఇటు కూడా ఉంది. పేగును మెదడుతో కలిపే వేగస్ నరంలో సుమారు 80 శాతం తంతులు కింది నుంచి పైకే కబుర్లు మోస్తాయి. ఇమ్యూన్ కణాలు వదిలే సైటోకైన్లు అనే రసాయనాలు మెదడు దాకా చేరితే నీరసం, ఎవరితోనూ మాట్లాడాలనిపించకపోవడం, ఆకలి లేకపోవడం వస్తాయి. జ్వరంలో మనందరికీ అనుభవమే. ఐబీఎస్ ఉన్న అందరిలోనూ సైటోకైన్లు పెరిగి ఉండవు. అలాగే మాస్ట్ కణాలు అందరిలోనూ ఎక్కువగా కనబడవు. ఆస్ట్రేలియాలో 12 ఏళ్ళపాటు జనాన్ని గమనించిన అధ్యయనంలో రెండూ తేలాయి: ముందు ఆందోళన ఉండి తర్వాత కడుపు చెడినవాళ్ళున్నారు, ముందు కడుపు చెడి ఆ తర్వాత దిగులు పట్టుకున్నవాళ్ళూ ఉన్నారు. ఎవరైనా మిమ్మల్ని "నువ్వు ఊరికే ఆలోచిస్తావు, అందుకే ఇలా" అంటే ఈ రెండో సగం వాళ్ళకు చెప్పండి.

"ఇమ్యూన్ గొడవైతే స్టెరాయిడ్ వాడితే పోదా?" అని ఒకాయన నన్నడిగారు. చూశారండి. ఇన్‌ఫెక్షన్ తర్వాతి ఐబీఎస్‌కు ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ ఇచ్చి పరీక్షిస్తే పేగులో కణాలు తగ్గాయి, బాధ తగ్గలేదు. ఒకసారి నరం, మెదడు కూడా అలవాటు పడ్డాక కణాన్ని ఒక్కదాన్ని పట్టుకుంటే చాలదు.

నోట్‌బుక్ పెట్టండి

నా దృష్టిలో అన్నిటికన్నా ముందు చెయ్యాల్సింది ఇదే. దీనికి ఖర్చు ఒక రూళ్ళ నోట్‌బుక్కే. మూడు నాలుగు వారాలు రాస్తే చాలు. ఏళ్ళ తరబడి రాస్తే అదే ఇంకో ఆందోళన అవుతుంది.

రోజూ రాత్రి పడుకునే ముందు ఒకే ఒక్కసారి రాయండి. నొప్పి సున్నా నుంచి పది లోపు ఎంత, ఎప్పుడు. మలం ఎలా ఉంది. దీనికి బ్రిస్టల్ స్కేల్ అని ఏడు రకాల బొమ్మల పట్టిక ఉంది, ఫోన్‌లో వెతికితే దొరుకుతుంది: ఒకటి మేకపెంటికల్లా గట్టిగా, నాలుగు మెత్తగా నున్నగా, ఏడు నీళ్ళలా. తిన్నది టూకీగా. ముందు రాత్రి ఎన్నింటికి పడుకున్నారు, మధ్యలో లేచారా. ఆ రోజు మనసు ఎలా ఉంది, ఒక మాట చాలు: భయం, కోపం, దిగులు, మామూలు. వేసుకున్న మందులు, ముఖ్యంగా యాంటీబయాటిక్, నొప్పి మాత్రలు. ఆడవాళ్ళు నెలసరి తేదీ తప్పకుండా రాయండి. ఆ రోజుల్లో గర్భసంచిని బిగించే ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు పేగును కూడా బిగిస్తాయి, చాలామందికి విరేచనాలూ నొప్పీ పెరుగుతాయి. అది తెలియక ఆ రోజు తిన్న ప్రతిదాన్నీ అనుమానిస్తారు.

చదివేటప్పుడు అదేరోజు వరస ఒక్కటే చూడకండి. ముందురోజు, ముందు రాత్రి కూడా చూడండి. మా ఆడపడుచు గుణుపురం దగ్గర స్కూల్లో టీచరు. బొరా గుగుని (వడలతో తినే బఠానీ కూర) పడదని పూర్తిగా మానేసింది. నోట్‌బుక్ రాయించాక చూస్తే, ఆదివారం ఇంట్లో కాస్త గుగుని తిన్నప్పుడు ఏమీ కాలేదు. ఇన్‌స్పెక్షన్ ఉన్న వారంలో, నిద్ర లేని రాత్రి తర్వాత, గబగబా అదే గుగుని తింటే మధ్యాహ్నానికి మెలిపెట్టింది. బఠానీల్లో గ్యాస్ పుట్టించే పిండిపదార్థం ఉన్నమాట నిజమే. కానీ ఆ గ్యాస్‌ను నొప్పిగా మార్చింది నిద్రలేమీ, భయమూ. ఇలాంటి జతలను పట్టుకోవడమే ఈ నోట్‌బుక్ పని. ఒక్కొక్కటీ విడిగా అయితే తట్టుకునేది, ఏ రెండు కలిస్తే తట్టుకోలేరో మీకే కనబడుతుంది. డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు ఈ నాలుగు పేజీలు చూపిస్తే ఆయనకు సగం పని తేలికవుతుంది.

తిండి

మెల్‌బోర్న్‌లోని మొనాష్ యూనివర్సిటీ వాళ్ళు తయారుచేసిన లో ఫాడ్‌మ్యాప్ పద్ధతి చాలామందికి పనిచేస్తుంది. పేగులో సరిగా ఇంకక, పులిసి గ్యాస్ పుట్టించే కొన్ని రకాల చక్కెరల్ని రెండు నుంచి ఆరు వారాలు తగ్గించి, తర్వాత ఒక్కొక్కటిగా తిరిగి చేర్చి, ఏది ఎంత పడుతుందో చూసుకోవడం. తిరిగి చేర్చడమే అసలు పని, అది వదిలేయకండి. గర్భిణులు, బాగా సన్నగా ఉన్నవాళ్ళు, తిండంటేనే భయం పట్టుకున్నవాళ్ళు దీన్ని సొంతంగా మొదలుపెట్టకూడదు.

మన వంటింట్లో తగ్గించాల్సినవి చెప్పాలంటే: ఉల్లిపాయ, వెల్లుల్లి, గోధుమ రొట్టె, గోధుమ రవ్వ ఉప్మా, గుగుని, శనగలు, పాల టీ, జీడిపప్పు. పలాస పక్కనే కదా అని గుప్పెళ్ళు తినేవాళ్ళున్నారు, అది తగ్గించండి. అన్నం, చోడి (రాగి) అంబలి, క్యారెట్, వంకాయ, కోడిగుడ్డు, చేప మామూలుగా ఇబ్బంది పెట్టవు. పప్పు కావాలంటే పెసరపప్పు కొద్దిగా, బాగా ఉడికించి. దాల్మాలో పప్పు తగ్గించి కూర ముక్కలు పెంచుకోవచ్చు. వెల్లుల్లి రుచి లేకుండా తినలేకపోతే నూనెలో రెబ్బలు వేయించి, రెబ్బలు తీసిపారేసి, ఆ నూనెతోనే తాలింపు పెట్టండి. ఇబ్బంది పెట్టే ఫ్రుక్టాన్లు నీళ్ళలో కరుగుతాయి గానీ నూనెలో కరగవు. అందుకే చారులో వేసి తర్వాత రెబ్బ తీసేస్తే లాభం లేదు. కారం కొన్నాళ్ళు తగ్గించి చూడండి, పైన చెప్పిన గ్రాహకం సంగతి గుర్తుంది కదా.

మలబద్ధం ఉన్నవాళ్ళు ఇసబ్‌గోల్ అర చెంచాతో మొదలుపెట్టి వారాల మీద పెంచుకోండి, ప్రతిసారీ నిండు గ్లాసు నీళ్ళతో. గోధుమ తవుడు మాత్రం వద్దు, దానివల్ల ఉబ్బరం పెరగవచ్చు. కడుపు మెలిపెట్టిన ప్రతిసారీ షాపులో మెట్రోజిల్ అనే యాంటీబయాటిక్ కొనుక్కుని మింగడం దయచేసి ఆపండి. ఇక ఇన్‌ఫెక్షన్ మళ్ళీ పట్టుకోకుండా వానాకాలంలో నీళ్ళు కాచి తాగడం ఐబీఎస్ ఉన్నవాళ్ళకు అందరికన్నా ఎక్కువ అవసరం.

మనసు వైపు నుంచి

మొదట శ్వాస. ఒక చెయ్యి పొట్ట మీద పెట్టి, పొట్ట పైకి లేచేలా నాలుగు లెక్కపెట్టేంతసేపు ముక్కుతో పీల్చి, ఆరు లెక్కపెట్టేంతసేపు వదలండి. ఐదు నిమిషాలు, అన్నానికి ముందు. నొప్పి వచ్చాక మొదలుపెడితే కష్టం. నొప్పి లేనప్పుడు రోజూ చేస్తే నొప్పిలో కూడా ఒళ్ళు దానికి లొంగుతుంది.

తర్వాత నడక. స్వీడన్‌లో ఐబీఎస్ ఉన్నవాళ్ళ చేత వారానికి మూడు నుంచి ఐదు రోజులు, 20 నుంచి 60 నిమిషాల చొప్పున 12 వారాలు వ్యాయామం చేయిస్తే బాధ తగ్గింది. చేయనివాళ్ళలో పెరిగినవాళ్ళు ఎక్కువ. ఎండలు తీవ్రంగా ఉండే నెలల్లో తెల్లవారే ముందు నడవండి.

కౌన్సెలింగ్ అంటే పిచ్చికి వైద్యమనే మాట మన ఊళ్ళలో ఇంకా ఉంది. సీబీటీ అనే పద్ధతిలో చేసేది చాలా నేలమీది పని: "బస్సులో వచ్చేస్తే ఎలా" అనే భయాన్ని పట్టుకుని, అది కడుపును ఎలా బిగిస్తోందో చూసి, కొంచెం కొంచెంగా ఆ బస్సు ఎక్కించడం. ఇంగ్లండులో ఫోన్ ద్వారా, వెబ్‌సైట్ ద్వారా ఇచ్చినా ఐబీఎస్ తగ్గిందని 2019లో చూపించారు. మన దగ్గర నిపుణులు దొరకడం కష్టం. 14416 నంబరుకు చేస్తే టెలి మానస్ వస్తుంది, ప్రభుత్వానిది, ఉచితం, తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడవచ్చు. దిగులు మరీ ఎక్కువై బతకాలనిపించకపోతే ఆ క్షణమే చెయ్యండి, కడుపు సంగతి తర్వాత.

డాక్టరు అమిట్రిప్టిలిన్ రాస్తే, చీటీలో డిప్రెషన్ అని చదివి చాలామంది మానేస్తున్నారు. 2023లో బ్రిటన్‌లో 463 మందితో చేసిన పరీక్షలో పది నుంచి ముప్ఫై మిల్లీగ్రాముల చిన్న మోతాదుతోనే ఐబీఎస్ బాధ తగ్గింది. డిప్రెషన్‌కు వాడే మోతాదు దానికంటే చాలా ఎక్కువ. ఇక్కడ అది పేగుకూ మెదడుకూ మధ్య నొప్పి కబురును నెమ్మది చేయడానికి. నోరు ఎండుతుంది, మత్తుగా ఉంటుంది, మలబద్ధం పెరగొచ్చు. గుండెజబ్బు ఉంటే, వేరే మందులు వాడుతుంటే ముందే చెప్పండి. మందు పట్టు చిక్కడానికి వారాలు పడుతుంది, మూడు రోజుల్లో తేల్చకండి.

ప్రయాణం రోజు

బరంపురమో విశాఖో వెళ్ళాల్సిన రోజు ఏమీ తినకుండా బయల్దేరేవాళ్ళే ఎక్కువ. పూర్తి ఉపవాసం కంటే, బయల్దేరడానికి గంటన్నర ముందు లేచి, పలచని అంబలో కొంచెం అన్నమో తిని, కూర్చుని, తొందర లేకుండా దొడ్డికి వెళ్ళిరండి. తిన్నాక పెద్దపేగు కదలడం సహజం, దానికి సమయం ఇవ్వాలి. ముందు రాత్రి నిద్ర తగ్గకుండా సంచి సాయంత్రమే సర్దుకోండి. విరేచనాల రకం వాళ్ళు విరేచనాలు ఆపే లోపరమైడ్ మాత్ర ఒకటి వేసుకోవచ్చేమో డాక్టరును ముందే అడిగి ఉంచుకోండి. వీలైతే రైలు చూసుకోండి, అందులో దొడ్డి ఉంటుందన్న ధైర్యమే సగం మందుకు పైగా పనిచేస్తుంది. దారిలో టాయిలెట్లు ఉండవని ఆడవాళ్ళు పొద్దున్నుంచి నీళ్ళు తాగకుండా ఉంటారు. మలబద్ధం ఉన్నవాళ్ళకు అది మర్నాడు తిరగబడుతుంది. గుక్క గుక్కగా తాగుతూనే ఉండండి.

ఐబీఎస్ అని తేలినంత మాత్రాన ఇక జీవితంలో పరీక్షలు అక్కర్లేదని అనుకోకండి. ఏళ్ళుగా ఒకే తీరులో ఉన్న బాధ ఉన్నట్టుండి తీరు మార్చినా, పైన చెప్పిన రక్తం, బరువు తగ్గడం, రాత్రి లేపే విరేచనాల్లాంటివి కొత్తగా కనబడినా, సీబీసీ మళ్ళీ చేయించి, పాత రిపోర్టు, కొత్త రిపోర్టు రెండూ పక్కపక్కన పెట్టి డాక్టరుకు చూపించండి. హిమోగ్లోబిన్ 12 నుంచి 10కి దిగిందన్న సంగతి ఒక్క కాగితం చూస్తే తెలియదు. పాత కాగితాలు పారేయకుండా ఆ నోట్‌బుక్‌లోనే పెట్టుకోండి.